నొక్కి వదలకపోతే: సిస్కో 2960 రీసెట్‌తో పదకొండేళ్లు

సిస్కో క్యాటలిస్ట్ 2960 అంటే కంప్యూటర్లన్నిటినీ కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్. దానికి ఎన్ని పోర్టులు, ఎంత స్పీడు, ధర ఎంత లాంటివి ఇక్కడ రాయను. వాడేవాళ్లకు అవన్నీ కంఠతా వచ్చు. పైగా ఇది ఇప్పుడు తయారీలో లేదు, కొనాలంటే సెకండ్ హ్యాండే. మా ఇంజినీరింగ్ కాలేజీలో ఇవి తొమ్మిది ఉన్నాయి, పదకొండేళ్లుగా వాటి మంచిచెడ్డలు చూసేది నేనొక్కడినే. ఇన్నేళ్ల తర్వాత దీని గురించి చెప్పమంటే నేను చెప్పేది ఒక్కటే సంగతి, దీన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసే తీరు. రీసెట్ బటన్ అంటే ఎవరికైనా భయమే. నాకు మాత్రం ఈ స్విచ్ బటన్ మీద కాస్త రుణం ఉన్నట్టు ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే నా తెలివితక్కువ పని కూడా బయటపెట్టాలి, తప్పదు.

ముందువైపు ఎడమ చివర మోడ్ అని చిన్న బటన్ ఉంటుంది. సూదితోనూ పేపర్ క్లిప్‌తోనూ పని లేదు, వేలు చాలు. ఒకసారి నొక్కి వదిలితే పోర్టుల మీది లైట్లకు అర్థం మారుతుంది. లింకు ఉందో లేదో చూపించే లైట్లే డూప్లెక్స్ (డేటా రెండువైపులా ఒకేసారి పోతుందా లేదా), స్పీడు చూపిస్తాయి. అదే బటన్‌ని నొక్కి పట్టుకుంటే మూడు సెకన్లకు ఎడమ పక్క లైట్లు మిణుకుమంటాయి. ఇంకో ఏడు సెకన్లు అలాగే పట్టుకుంటే ఆ మిణుకు ఆగిపోతుంది, స్విచ్ దానంతటదే రీబూట్ అయి, అట్టపెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలా లేస్తుంది. పాస్‌వర్డ్ అడగదు. నిజంగానే చేయమంటారా అని కూడా అడగదు. లైట్లు చూడ్డానికీ, మొత్తం తుడిచెయ్యడానికీ ఒకటే బటన్. తేడా అంతా వేలు ఎంతసేపు ఉందన్నదే.

నాలుగేళ్ల కిందట, సెమిస్టర్ ల్యాబ్ పరీక్షల మొదటి రోజు. పరీక్ష తొమ్మిదిన్నరకి. ఎనిమిదీ నలభైకి నేనింకా కాకినాడ భానుగుడి సెంటర్‌లో సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద ఉన్నాను. మా ల్యాబ్ అటెండర్ ఫోన్ చేశాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు.

"సార్, రెండో ఫ్లోరు ల్యాబ్‌లో నెట్టు మరీ నెమ్మదిగా వస్తోందండి."

ఏదో పోర్టు తక్కువ స్పీడుకి దిగిపోయి ఉంటుందనుకున్నాను. "బాబాయ్, ర్యాక్ దగ్గరికెళ్లు. పై స్విచ్‌కి ఎడమ పక్కన మోడ్ అని చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి, లైట్లు ఎలా ఉన్నాయో చెప్పు."

"ఆయ్, నొక్కేనండి."

"ఏమైంది?"

"ఏం కాలేదండి... ఆఁ, ఇప్పుడు ఎడం పక్కవి మిణుకు మిణుకుమంటన్నాయండి."

సరిగ్గా అప్పుడే గ్రీన్ పడింది. వెనకాల ఆటోలు, బస్సు, ఒకటే హారన్లు. "ఉండు ఉండు, అలాగే ఉండు బాబాయ్, పక్కకొచ్చి మాట్లాడతా" అన్నాను.

నేను ఉండమన్నది ఫోన్‌లో. ఆయన ఉన్నది బటన్ మీద.

స్కూటర్ పక్కన ఆపి "ఇప్పుడు చెప్పు" అంటే, "మిణుకు ఆగిపోయిందండి. అన్నీ ఆరిపోయి మళ్లీ ఒక్కోటీ వెలుగుతున్నాయండి, బాగైపోయినట్టుందండి" అన్నాడు, ఎంతో సంబరంగా. నాకు ఆ ఎండలోనే చెయ్యి చల్లబడింది. నొక్కమంటే నొక్కాడాయన. వదలమని నేను చెప్పలేదు.

కాలేజీకి చేరేసరికి తొమ్మిదీ రెండు. ఆ స్విచ్ 48 పోర్టులది. రెండు ల్యాబ్‌లు, ఎగ్జామ్ సెక్షన్, ఆ ఫ్లోరు సీసీ కెమెరాలు దాని మీదే, ఒక్కోటి ఒక్కో వీలాన్‌లో (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచే ఏర్పాటు). రీసెట్ అయ్యాక అన్ని పోర్టులూ వీలాన్ 1లోకి వచ్చి పడ్డాయి, ఒక్క మెషీన్‌కీ సరైన అడ్రస్ రావడం లేదు. మెట్ల మీదే ప్రిన్సిపాల్ గారు ఎదురయ్యి "ఇవాళే దొరికిందా అండీ దీనికి?" అన్నారు. జవాబు చెప్పలేదు, పరుగెత్తాను.

ఇక్కడ అసలు టెన్షన్ ఏంటంటే, నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగుల) బ్యాకప్ ఎనిమిది నెలల నాటిది. ఆ తర్వాత ల్యాబ్ గది మారింది, పోర్టులు అటూ ఇటూ అయ్యాయి. ఇప్పుడు ఏ పోర్టు ఎక్కడికి పోతుందన్నది రెండే చోట్ల ఉంది, నా బుర్రలో సగం, స్విచ్‌లో మొత్తం. ఆ మొత్తం ఉన్న చోటే ఖాళీ అయిపోయింది.

ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌కి నేరుగా కమాండ్లు ఇచ్చే నీలం రంగు కన్సోల్ కేబుల్ తగిలించి, స్పీడు 9600 పెట్టి ఎంటర్ కొట్టాను. మొదటిసారి సెట్ చేసుకుంటారా అని కొత్త పెళ్లికొడుకుని అడిగినట్టు మర్యాదగా అడిగింది. నో అన్నాను. ప్రాంప్ట్‌లో మేం పెట్టుకున్న పేరు లేదు, ఉత్త 'స్విచ్' అని ఉంది. సాఫ్ట్‌వేర్ అయినా మిగిలిందా అని, పెద్ద ఆశ లేకుండానే, ఫ్లాష్‌లో, అంటే స్విచ్ లోపలి మెమరీలో, ఏమేం ఫైళ్లు ఉన్నాయో చూడ్డానికి డిర్ అనే కమాండ్ కొట్టాను.

నాలుగైదు లైన్లు వచ్చాయి. వాటిలో మూడు ఫైళ్ల పేర్లు నేనెప్పుడూ చూడనివి. కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ డాట్ రీనేమ్డ్. ప్రైవేట్ కాన్ఫిగ్‌ది అలాంటిదే ఇంకోటి. వీలాన్ డాట్ డ్యాట్ డాట్ రీనేమ్డ్. ఆ లైన్లను మూడుసార్లు చదివాను. రీసెట్ అన్నది ఏదీ చెరపలేదు. పాత సామాను రోడ్డు మీద పారేయకుండా, పేరు మార్చి అటకెక్కించింది, అంతే. పాత పేర్లున్న ఫైళ్లు కనిపించకపోయేసరికి, లేచేటప్పుడు స్విచ్ తనను తాను కొత్తదనుకుంది.

ఆ తర్వాత పని చిన్నదే. మూడు ఫైళ్లకూ తోకలు కత్తిరించి పాత పేర్లు పెట్టాను, రీలోడ్ కొట్టాను. జాగ్రత్త పడాల్సింది ఒక్క చోటే. రీలోడ్ అయ్యే ముందు 'సేవ్ చేయమంటారా' అని అడిగితే నో అనాలి. మనకు చేతి అలవాటు కదా, ఏ పని చేసినా చివర్న సేవ్ కొట్టేస్తాం. అక్కడ సేవ్ కొడితే, అటక మీంచి దించుకున్న కాన్ఫిగ్ మీద ఇప్పటి ఖాళీ కాన్ఫిగ్ వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత నిజంగానే ఏమీ ఉండదు. నో అని రెండక్షరాలు టైప్ చేసి, సరిగ్గా కొట్టానా అని ఇంకోసారి చూసుకుని ఎంటర్ నొక్కాను. తొమ్మిదీ ఇరవై రెండుకి ప్రాంప్ట్‌లో మా పేరు తిరిగొచ్చింది. కెమెరాలు ఒక్కోటీ తెరుచుకున్నాయి. పరీక్ష టైముకే మొదలైంది.

(నెట్టు ఎందుకు నెమ్మదైందంటారా? ఒక ప్యాచ్ కార్డ్ (పొట్టి నెట్‌వర్క్ కేబుల్) ర్యాక్ తలుపులో నలిగింది. దానికోసం ఇంత జరిగింది.)

ఆ మధ్యాహ్నమే తొమ్మిది స్విచ్‌లలోనూ 'నో సెటప్ ఎక్స్‌ప్రెస్' అనే కమాండ్ ఎక్కించాను. దానితో బటన్‌ని ఎంతసేపు పట్టుకున్నా ఈ రీసెట్ జరగదు, లైట్లు చూడ్డానికి మాత్రం పనికొస్తుంది. కమాండ్ లైన్ రానివాళ్లు బ్రౌజర్‌లోంచి సెట్ చేసుకోవడానికని ఈ సదుపాయం ముందుగానే ఆన్‌లో ఉంటుంది. నేను కొన్న రోజునే తీసేయాల్సింది. అన్నట్టు, ఈ పొరపాటుకి మనిషి కూడా అక్కర్లేదు. సిస్కోవే 3650, 3850 వరసల్లో 48 పోర్టుల మోడళ్లకు మోడ్ బటన్ ఒకటో పోర్టుకి సరిగ్గా పైన ఉంటుంది. కొన్ని నెట్‌వర్క్ కేబుళ్ల కొసన ఉండే రబ్బరు తొడుగు ఆ బటన్‌ని నొక్కిపట్టేసి స్విచ్ రీసెట్ కావచ్చని కంపెనీయే 2013లో నోటీసు ఇచ్చింది. విరుగుడు కూడా ఇదే కమాండ్, లేదంటే వేరే కేబుల్. అది చదివాక మా బాబాయ్ మీద నాకున్న కాస్త చిరాకూ పోయింది.

మిగతావాటితో పోల్చితే నా ఇష్టం ఇంకా పెరిగింది. మా పాత బ్లాక్‌లో హెచ్‌పీ ప్రోకర్వ్ ఒకటి ఉండేది. దానికి రీసెట్, క్లియర్ అని రెండు బటన్లు. రెండూ కలిపి నొక్కి, ముందు రీసెట్ వదిలి, టెస్ట్ లైటు మిణుకుమనేదాకా క్లియర్‌ని పట్టుకునే ఉండాలి. రెండు పిన్నులు, రెండు చేతులు కావాలి, పొరపాటున ఎవరూ చేయలేరు. ఆ ఆలోచన నాకు నచ్చింది. ఇంకోవైపు, స్నేహితుడి క్లినిక్‌లో ఒక చవక స్మార్ట్ స్విచ్ ఉంది, కంపెనీ పేరు అనవసరం. పిన్నుతో రీసెట్ కొడితే అందులో ఏ అటకా లేదు, అంతా ఊడ్చిపెట్టుకుపోయింది. పైగా లేచాక అక్కడి రౌటర్‌కున్న అడ్రసే తానూ పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రమంతా దానికే పోయింది.

ఇదంతా రాసి ఇక్కడితో ఆపేస్తే అయిదుకి అయిదు ఇచ్చినట్టే. రెండేళ్ల కిందటైతే అలాగే ఇచ్చేవాణ్ని కూడా.

ఆ తర్వాత మాకు ఒక స్విచ్ పాడైపోయింది. స్పేర్ కోసం సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్)లో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ 2960 కొన్నాను. "ఫ్యాక్టరీ రీసెట్ చేసేశాం సార్, ఫ్రెష్" అన్నాడు షాపతను. అబద్ధం చెప్పలేదు పాపం. పవర్ ఇస్తే కొత్తదానిలాగే లేచింది. నాకు పడ్డ దెబ్బ గుర్తుంది కాబట్టి ముందు డిర్ కొట్టాను. రీనేమ్డ్ ఫైళ్లు మూడూ అక్కడే ఉన్నాయి. తెరిచి చూశాను, చూడకుండా ఉండాల్సింది. ఏదో ఆసుపత్రి స్విచ్ అది. వీలాన్‌ల పేర్లు ఐసీయూ, ఫార్మసీ, బిల్లింగ్. ఏ గదిలో ఏ పోర్టో, అడ్రసులేంటో అన్నీ వరసగా ఉన్నాయి. పాస్‌వర్డ్‌లలో ఒకటి టైప్ 7 అనే పద్ధతిలో రాసి ఉంది. అది దాచినట్టు కనిపిస్తుందే తప్ప దాచింది కాదు, వెనక్కి తిప్పడం ఎవరికైనా నిమిషం పని. అవన్నీ చెరిపేశాను. కానీ ఆ రోజు ల్యాబ్‌లో నన్ను కాపాడిన గుణమే ఇక్కడ ఎవరి గుట్టో నా చేతిలో పెట్టింది. అటక మీద సామాను ఇల్లు అమ్మినా అక్కడే ఉంటుంది మరి.

కమాండ్‌తో చేస్తే శుభ్రంగా పోతుందనుకుంటారేమో, అక్కడా మెలిక ఉంది. రైట్ ఎరేజ్ (write erase) కొడితే కాన్ఫిగ్ పోతుంది, వీలాన్‌ల ఫైలు పోదు, దాన్ని విడిగా చెరపాలి. నేను మొదట్లో రెండేళ్లు ఇది తెలియకుండానే 'రీసెట్ చేశాను' అని రిజిస్టర్‌లో రాసుకున్నాను. వీటీపీ (వీలాన్ పట్టికను స్విచ్‌లన్నిటికీ పంచే పద్ధతి) వాడే చోట అయితే ఇది ఇంకా పెద్ద సంగతి. ఆ ఫైల్లోనే, పట్టిక మారినప్పుడల్లా పెరిగే రివిజన్ నంబరు ఉంటుంది. డొమైన్ పేరు కలిసి, పాత స్విచ్ నంబరు ఎక్కువైతే, తగిలించగానే దాని వీలాన్ పట్టికే ఊరందరికీ పట్టిక అయిపోతుంది. మేం ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో, అంటే పక్క స్విచ్‌ల పట్టికను తీసుకోకుండా, ఉంచుతాం కాబట్టి ఆ అనుభవం నాకు లేదు, ఉండాలనీ లేదు.

మరి తీసుకోవచ్చా అంటే, నా లెక్క నాది. తొమ్మిది స్విచ్‌లు, ఒక మనిషి, సాయం చేసేవాళ్లలో కన్సోల్ కేబుల్ చూసినవాళ్లు లేరు. ఇలాంటి చోట పొరపాటుని వెనక్కి తీసుకోనిచ్చే రీసెట్ బంగారం. ర్యాక్ తలుపుకి తాళం ఉండి, రోజూ బ్యాకప్ తీసే టీమ్ ఉంటే ఈ సుగుణం మీకు అవసరం పడదు, దాని అవలక్షణం మాత్రం మిగులుతుంది. బ్యాంకో ఆసుపత్రో అయితే నేను చెప్పిందాన్ని తిరగేసి చదువుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం ముందు డిర్, తర్వాతే నెట్‌వర్క్.

మా బాబాయ్ ఇప్పుడు మోడ్ బటన్‌ని "నొక్కు-వదులు" అనే పిలుస్తాడు, ఒకే మాటగా. నో సెటప్ ఎక్స్‌ప్రెస్ పెట్టేశాను, పట్టుకున్నా ఏం కాదని ఎంత చెప్పినా వినడు.

నాకు మాత్రం వేరే దిగులు ఉంది. సీటీసీ స్విచ్ కొనడానికి ముందు సంవత్సరం, ఆ తొమ్మిదీ కాక మూలన పడున్న పాతవి మూడు స్క్రాప్‌కి ఇచ్చాం. మూడింటికీ ఆ రోజు నేనే బటన్ పది సెకన్లు పట్టుకున్నాను, బాగా గుర్తుంది. డిర్ కొట్టినట్టు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.