నాలుగున్నర అంగుళాల ఎత్తు, ఆరు రాత్రులు

ఫీనిక్స్‌లో మా వీధి చివరి ఇంటి ముందు రెండేళ్ళుగా ఎండుతున్న మడత క్యాంపింగ్ ట్రైలర్‌ను 1,800 డాలర్లకు కొన్నాను. "ఇది మట్టి దారిలో నడుస్తుందా?" అని అడిగింది మా ఆవిడ. నడవదు. పన్నెండంగుళాల చక్రాలు, నేలకు జానెడు ఎత్తులో ఇరుసు, వెనక వేలాడుతున్న జాకీ కాళ్ళు. పైకప్పు ఎత్తితే అటూ ఇటూ గుడ్డ గోడల పడకలు బయటికి వస్తాయి, నలుగురు హాయిగా పడుకోవచ్చు. అయితే అది తారు రోడ్డు దిగకుండా బతకడానికి పుట్టిన బండి. నేనేమో యూటా ఎర్రమట్టి దారుల మీద కన్నేశాను.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీల కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) విప్పి బిగించిన మా నాన్న అప్పుడే ఆరు నెలలు ఉందామని వచ్చారు. మొదటి రెండు వారాలు ఆయనకు పొద్దు గడవలేదు. ట్రైలర్ ఇంటికి వచ్చిన సాయంత్రమే దాని కిందికి దూరారు.

ఇలాంటి చిన్న ట్రైలర్లలో చాలావాటికి కమాన్ కట్ట ఇరుసు కింద ఉంటుంది. దాన్ని ఇరుసు మీదికి మారిస్తే బండి మొత్తం నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఎత్తు పెంచడానికి అందరూ పట్టే దగ్గర దారి ఇదే. నేను మొదట వెళ్ళిన వెల్డింగ్ షాపతను, ఇరుసును బోర్లా తిప్పేస్తే కట్ట కూర్చునే ఇనుప పీటలు వాటంతటవే పైకి వస్తాయి, గంట పని అన్నాడు. నాన్న జేబులోంచి పురికొస తీశారు. ఒక కొస నా చేతికిచ్చి, ఇరుసు అడుగున ఈ చివరి నుంచి ఆ చివరికి బిగలాగి పట్టమన్నారు. రెండు చివర్లలో ఇనుమును తాకుతున్న తాడు నడిమధ్య తాకలేదు. చిటికెన వేలి గోరు దూరేంత సందు.

"చూశావా, వంపు పైకుంది. బరువు పడితే అది సర్దుకుని చక్రాలు నిటారుగా నిలుస్తాయి. తిప్పి వేశావంటే రెండు చక్రాలూ లోపలికి తల వాలుస్తాయి. వెయ్యి మైళ్ళు తిరిగేసరికి టైర్ల లోపలి అంచు గీసేసినట్టు పోతుంది," అన్నారు. ఇరుసును కదపకుండా, పైవైపు కొత్త పీటలు వెల్డింగు చేయించాలి. వేరే షాపులో 350 డాలర్లు తీసుకున్నారు. కొలిచి చూస్తే నాలుగున్నర అంగుళాలు లేచింది.

మిగతా పని గురించి పొడిపొడిగా చెబుతాను. పదిహేనంగుళాల రిమ్ములు, మట్టి దారి టైర్లు, వాటికి తగిన హబ్బులు (చక్రాన్ని బోల్టులతో బిగించే ఇరుసు చివరి భాగాలు), అంతకుముందు లేని ఎలక్ట్రిక్ బ్రేకులు. ముందు త్రికోణపు చట్రం మూలల్లో బలానికి ఇనుప రేకు ముక్కలు. అన్ని వైపులా తిరిగే ఖరీదైన కొక్కెం. దాని అవసరం ఈ యాత్రలో ఒక్కసారీ రాలేదు. హబ్బుల విషయంలో మాత్రం తప్పు చేశాను. మా టయోటా ఫోర్‌రన్నర్ చక్రాలు ఆరు బోల్టులవి, నేను ట్రైలర్‌కు ఐదు బోల్టులవి వేయించాను. ఆరువి వేయించి, అదే సైజు చక్రాలు ఎంచుకుంటే ఒక స్టెప్నీతో సరిపోయేది. ఇప్పుడు రెండు మోయాలి. ట్రైలర్ కాక మొత్తం ఖర్చు 2,300 డాలర్ల దాకా తేలింది.

బయలుదేరే ముందు రోజు నాన్న మా ఆవిడను పిలిచి, "అమ్మాయ్, నీ గోళ్ళ రంగు కాస్త ఇస్తావా?" అన్నారు. కమాన్ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ ఆకారపు బోల్టుల నట్లు మొత్తం ఎనిమిది. ఒక్కొక్క నట్టు మీది నుంచి పక్కన ఇనుము మీదికి ఎర్రగా ఒక గీత గీశారు. నట్టు వదులై తిరిగితే గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే వంగి చూడటం, అంతే. నేను కొన్న సామానులో ఏదీ దీనంత అక్కరకు రాలేదు.

అక్టోబరు రెండో వారంలో బయలుదేరాం. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్, అక్కడి నుంచి కామెరన్. లిటిల్ కొలరాడో నది ఒడ్డున 1916 నుంచి ఉన్న కామెరన్ ట్రేడింగ్ పోస్టులో భోజనానికి ఆగడం మా అలవాటు. అక్కడి ఆదివాసులైన నవాహోల ఫ్రై బ్రెడ్ మీద చిక్కుడు గింజల కూర వేసి ఇస్తారు. "పూరీ పిండినే మందంగా వత్తారు," అని నాన్న తీర్పు చెప్పారు, మొత్తం తిన్నారు. నవాహో నేలలోకి వెళ్ళగానే ఫోనులో గడియారం ఒక గంట ముందుకు దూకుతుంది. అరిజోనాలో వేసవి సమయం (గడియారం గంట ముందుకు జరపడం) పాటించరు, నవాహోలు పాటిస్తారు. టూర్లు ముందే మాట్లాడుకున్నవాళ్ళు ఇది మరిచిపోతే గంట ఆలస్యం.

మొదటి రాత్రి మాన్యుమెంట్ వ్యాలీ క్యాంపు స్థలంలో. నీళ్ళ, కరెంటు కనెక్షన్లు లేవు, కానీ తెల్లవారుజామున పడక మీద లేచి కూర్చుంటే ఎదురుగా చేతి తొడుగుల ఆకారంలో రెండు కొండలు. ఆ ఒక్క దృశ్యానికి అద్దె చెల్లు. అక్కడి పదిహేడు మైళ్ళ మట్టి దారిలోకి ఆర్వీలను, అంటే ఇల్లులాంటి బళ్ళను, రానివ్వరు కాబట్టి ట్రైలర్‌ను విప్పి కారులోనే తిరిగాం. ఇది నవాహోల సొంత భూమి, ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడం కుదరదు.

రెండో రాత్రి గూస్‌నెక్స్ స్టేట్ పార్కు. శాన్ వాన్ నది వెయ్యి అడుగుల లోతున పాములా మెలికలు తిరుగుతుంది. నేరుగా ఒకటిన్నర మైలు పోవడానికి అది ఆరు మైళ్ళు నడుస్తుంది. అంచు మీదే క్యాంపు. చెట్టు లేదు, నీళ్ళు లేవు, గాలికి అడ్డు లేదు. రాత్రంతా గుడ్డ గోడలు తెరచాపల్లా కొట్టుకున్నాయి. ఇనుప గోడల ట్రైలర్ ఉన్నవాళ్ళకు పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను, మాలాంటివాళ్ళకు ఐదు.

ఆ తర్వాతి రెండు రాత్రుల కోసమే ఇదంతా చేసింది. వ్యాలీ ఆఫ్ ద గాడ్స్‌లో కూడా పదిహేడు మైళ్ళ మట్టి, కంకర దారే. ఇది కేంద్ర భూనిర్వహణ శాఖ చేతిలో ఉన్న నేల, క్యాంపు ఉచితం. ఇంతకుముందు బళ్ళు ఆగిన జాగాల్లోనే ఆగాలి. మరుగుదొడ్డి కూడా మనమే తీసుకెళ్ళాలి. ఎండగా ఉంటే పెద్ద దారిలో మామూలు కారు కూడా పోతుంది. తేడా వచ్చేది క్యాంపు జాగాకు తిరిగే పక్క దారిలో. మేము ఎంచుకున్న చోటికి ముందు ఒక ఎండిన వాగు ఉంది. దిగి ఎక్కేటప్పుడు పాత ఎత్తులో అయితే ట్రైలర్ తోక నేలను దున్నేది. టైర్లలో గాలి 25 పౌండ్లకు దించి మెల్లగా దాటించాం. వాగు ఇవతల ఐదు బళ్ళు, అవతల మేమొక్కరమే. నేను పెట్టిన డబ్బంతా ఆ అరమైలు కోసమే. నాకు అది చాలు.

పైకప్పు ఎత్తి తలుపు తీశాక అసలు సంగతి బయటపడింది. దుప్పట్లు, గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా మూత, అన్నీ ఇటుక రంగు. మట్టి దారిలో పోతున్న బండి వెనక భాగం దుమ్మును లోపలికి పీలుస్తుందని ఎత్తు పెంచే సంబరంలో పట్టించుకోలేదు. గోంగూర పచ్చడి సీసా మూత ఆ గతుకులకు వదులై, నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా అనిపించింది. ఆ రాత్రి పెరుగన్నం, చిప్స్. తలుపు చుట్టూ, కప్పు అంచున రబ్బరు పట్టీ అంటించడానికి ఇరవై డాలర్లు కూడా కావు. ఆ పని ఇంటికి వచ్చాక చేశాను.

మర్నాడు పొద్దున్న నాన్న వంగి చూసి, "రెండు తిరిగాయి," అన్నారు. ఎనిమిదింటిలో ఎడమవైపువి రెండు. కొత్త వెల్డింగు, కొత్త బోల్టులు మొదటి యాభై మైళ్ళలో సర్దుకుంటాయి, మళ్ళీ బిగించి తీరాలి. అలలు అలలుగా ఉన్న గతుకుల మీద అయితే మరీను. పానా వెంట లేకపోతే రాజమార్గం మీద ఇరుసు పక్కకు జరిగేది.

ఆ రోజే మోకీ డగ్‌వే ఎక్కాం. 1950లలో యురేనియం ఖనిజం లారీల కోసం కొండ గోడకు చెక్కిన దారి. మూడు మైళ్ళలో దాదాపు 1,200 అడుగుల ఎత్తు, కంకర మలుపులు, వందకు పదకొండు దాకా వాలు. 28 అడుగుల పొడవు, 10,000 పౌండ్ల బరువు దాటిన వాహనాలు వద్దని రాష్ట్రం చెబుతుంది. మా కారు, ట్రైలర్ కలిస్తే 29 అడుగులు. ఒక్క అడుగే కదా అని నేను గొణిగాను. "బండి విప్పేసి పోదాం రా," అన్నారు నాన్న. మలుపులో ఎదురుగా పికప్ ట్రక్కు దిగినప్పుడు ఆ మాట విలువ తెలిసింది. పైన మ్యూలీ పాయింట్ నుంచి నిన్నటి నది మెలికలూ, మొన్నటి మాన్యుమెంట్ వ్యాలీ కొండలూ ఒకే చూపులో కనిపిస్తాయి. మొత్తం యాత్రలో ఒక్క చోటే చూడగలిగితే ఇదే చూడండి.

ఐదో రాత్రి స్నానాల కోసం దారిలోని ఒక ఊరి ఆర్వీ పార్కులో దిగాం. అరవై రెండు డాలర్లు. వేడినీళ్ళు బ్రహ్మాండం. మిగతాది కంకర పరచిన పార్కింగు స్థలం, తల మీద దీపస్తంభం, పక్కన జనరేటరు మోత. బట్టలు ఉతికే యంత్రం పావలాలు మింగి ఊరుకుంది. వారానికి ఒకసారి అయితే సరే.

బ్లాండింగ్ దగ్గర మొదలై హాంక్స్‌విల్ దాకా సాగే 95వ నంబరు రోడ్డు 120 మైళ్ళ పైమాట. బయలుదేరే ముందే ట్యాంకు నింపుకోండి. దారిలో నేచురల్ బ్రిడ్జెస్ ఉంది. 1908లో యూటాలో మొట్టమొదట ప్రకటించిన జాతీయ స్మారకం. రాతి వంతెనలు మూడూ చూశాం. క్యాంపు స్థలంలో పదమూడే జాగాలు, 26 అడుగులు దాటితే కుదరదు. మళ్ళీ మా 29 అడుగులే అడ్డం. హాంక్స్‌విల్‌లో కొండను తొలిచి కట్టిన పెట్రోలు బంకు దుకాణం ఉంది, నాన్న దాని ముందు ఫొటో దిగారు.

చివరి రాత్రి కేన్‌విల్ వాష్ దారిలో, రెండు మైళ్ళ లోపల. కాపిటల్ రీఫ్ జాతీయ పార్కులోని సూర్య, చంద్ర దేవాలయాలుగా పిలిచే శిలలకు ఇటు నుంచి వెళితే నదిని దాటే పని ఉండదు. సాయంత్రం చూసి వచ్చాం. బూడిద రంగు నేలను నాన్న మునివేళ్ళతో నలిపి, "ఇది మన రేగడికి అన్న. తడిస్తే కదలనివ్వదు," అన్నారు. తెల్లవారేసరికి పడమట మబ్బు పట్టింది. కాఫీ కూడా తాగకుండా కప్పు దించి తారు రోడ్డు ఎక్కాం. ఇరవై నిమిషాల్లో చినుకులు మొదలయ్యాయి. ఆ కాఫీ అదే పార్కులోని ఫ్రూటాలో, పండ్ల తోటల మధ్య గిఫర్డ్ హౌస్ అనే పాత ఇంట్లో అమ్మే చిన్న పండ్ల 'పై'లతో తాగాం.

నాన్న జనవరిలో విజయవాడ వెళ్ళిపోయారు. నెలకోసారి వాట్సాప్‌లో అడుగుతున్నారు, ఎనిమిది నట్ల ఫొటో పంపమని. గీతలు చెరిగిపోతే మళ్ళీ వేయమన్నారు, ఈసారి నీలం రంగు అయితే దుమ్ములో బాగా కనిపిస్తుందట.