మూడు కాళ్ల గాజు బుడ్డి: పనితనం భేష్, కడగడమే నరకం

అమ్మినావిడ ఈ పాత గాజు బుడ్డికి ‘పూలకుండీ కావచ్చు’ అని చీటీ అంటించి పెట్టింది. పూలకుండీకి అడుగున మూడు వేళ్లు దూరేంత కన్నం ఎందుకుంటుందని ఆవిడకి అనుమానం వచ్చినట్టు లేదు. నాకు వచ్చింది, అందుకే కొన్నాను.

వస్తువు ఎలా ఉంటుందో ముందు చెప్తాను. పలచని గాజు, గంట ఆకారం. పైన సన్నని మెడ, అందులో గాజు బిరడా. కింద మూడు పొట్టి కాళ్లు. అడుగు మధ్యలో కన్నం. ఆ కన్నం అంచు లోపలికి తిరిగి పైకి లేచి ఉంటుంది కాబట్టి బుడ్డి లోపల చుట్టూరా ఒక గాడి ఏర్పడుతుంది. ఇంట్లో తలా ఒక పేరు పెట్టారు. మా వారు దీపం చిమ్నీ అన్నారు. పైన బిరడా బిగిస్తే ఆ దీపం ఎంతసేపు వెలుగుతుందండీ అంటే మాట్లాడలేదు. మా ఆడపడుచు లేత మొక్కల మీద బోర్లించే మూత అంది. ఆ మూతకి కాళ్లెందుకు, గాడెందుకు?

నేను చాలా ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబ్‌లో గాజు సామాను చూసుకున్నదాన్ని. తెలియని గాజు వస్తువు చేతికొస్తే ముందు నీళ్లు పోసి చూస్తాను. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి, గాలి ఎటునుంచి ఆడుతోంది అని చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. దీని మెడలోంచి నీళ్లు పోశాను. కన్నంలోంచి కారలేదు, గాడిలో వలయంలా నిలిచాయి. అంటే లోపల ఏదో ద్రవం ఉండాలి. ఆ ద్రవం మధ్యలోంచి, కింది కన్నం గుండా ఏదో పైకి రావాలి. అది వచ్చేందుకు దారి కావాలి, అందుకే కాళ్లు. వచ్చాక పైనుంచి పోకూడదు, అందుకే బిరడా. ఇంతవరకు వచ్చాక ఇంకో జవాబు లేదు: ఇది ఈగల బుడ్డి, అంటే ఈగల్ని పట్టే ఉచ్చు. 19వ శతాబ్దంలో యూరప్ ఇళ్లలో ఇవి మామూలు వస్తువులే. మెడకి తీగ కట్టి పండ్ల చెట్లకు వేలాడదీసే రకం కూడా ఉంది, అది కందిరీగల కోసం.

పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కన్నానికి సరిగ్గా కింద, బల్ల మీద చిటికెడు చక్కెర పెడతాం. ఈగ కాళ్ల సందుల్లోంచి దర్జాగా నడిచి వస్తుంది, తింటుంది, లేస్తుంది. లేచేది పైకే, వెలుతురు వైపే. కన్నం నీడలో ఉంటుంది, చుట్టూ గాజేమో వెలుగుతూ ఉంటుంది. పాపం దానికి వచ్చిన దారి కళ్లెదుటే ఉన్నా తట్టదు. గాజుకి కొట్టుకుని కొట్టుకుని చివరికి గాడిలో పడుతుంది. విషం లేదు, కరెంటు లేదు, మార్చాల్సిన రీఫిల్ లేదు. ఈ మధ్య మా ఇంట్లోకి వచ్చిన ఏ కొత్త వస్తువులోనూ ఇంత తెలివి చూడలేదు.

గాడిలో ఏం పోయాలనేది అసలు సంగతి. ఒట్టి చక్కెర నీళ్లు మొదట్లో పెద్దగా పనిచేయవు. కాస్త పులిశాక ఈగలు బాగా వస్తాయి. నాకు నచ్చింది వెనిగర్, చక్కెర, ఒక్క చుక్క గిన్నెల సబ్బు. సబ్బు లేకపోతే చిన్న ఈగలు నీటి మీదే నిలబడి మళ్లీ ఎగిరిపోతాయి. సబ్బు నీటి తలతన్యతని, అంటే పైపొర బిగువుని, తగ్గిస్తుంది, దాంతో మునుగుతాయి. తేనె మాత్రం వద్దు, అనవసరంగా తేనెటీగలు చచ్చిపోతాయి.

ఫలితం? పండ్ల దగ్గర ముసిరే చిన్న ఈగల మీద అద్భుతం. మామూలు ఇంటి ఈగల మీద బాగానే ఉంది. దోమల మీద సున్నా, అవి మన ఊపిరినీ ఒంటి వేడినీ వెతుక్కుంటూ వస్తాయి గానీ వెనిగర్ కోసం రావు. ఇంకో సంగతి, ఆడ ఈగ ఒక్క విడతలోనే వంద గుడ్లకు పైగా పెడుతుంది. ఎండాకాలంలో ఆ గుడ్లు వారం పది రోజుల్లో ఈగలైపోతాయి. చెత్తబుట్టకి మూత లేని ఇంట్లో ఇలాంటి బుడ్డులు నాలుగు పెట్టినా లాభం లేదు.

ఇక కడగడం. ల్యాబ్‌లో ఎన్నో వంకర ఫ్లాస్కులు కడిగాను, దేన్నీ ఇంత తిట్టుకోలేదు. మెడలోంచి బ్రష్ దూరదు. కింది కన్నంలోంచి దూరుతుంది గానీ ఆ లేచిన అంచు అడ్డం, గాడి మూలకి అందదు. చచ్చిన ఈగలు అక్కడే అతుక్కుంటాయి. చివరికి కుదిరిన పద్ధతి: మెడలోంచి కాస్త వెనిగర్, గుప్పెడు కల్లుప్పు వేసి, బల్ల మీదే ఉంచి గుండ్రంగా తిప్పడం. ఉప్పు రాపిడికి మడ్డి వదులుతుంది. తర్వాత బిరడా తీసి, తలకిందులు చేసి మెడలోంచి పారబోసి, గోరువెచ్చని నీళ్లతో కడగాలి. మరిగే నీళ్లు పోయకండి. ఇది మామూలు గాజు, పైగా ఊదిన గాజులో మందం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, పగులుతుంది. బుడ్డిని మాత్రం మా వారు ముట్టుకోరు. భోజనాల బల్ల దరిదాపుల్లో కనిపిస్తే లేచి వెళ్లిపోతారు. ఆయన బాధ నాకు అర్థమైంది, అందుకే వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. అయితే ఎండ నేరుగా పడే చోట వద్దు. గుండ్రటి గాజు, లోపల నీళ్లు కలిస్తే ఎండని ఒక్క చోటికి చేర్చి కర్టెన్‌ని కాల్చగలవు.

పాతదా, కొత్తదా అనేది కొనేముందు చూసుకోండి. ఈ రూపంలో కొత్తవీ తయారవుతున్నాయి. గాజులో బుడగలున్నాయి కాబట్టి పాతది అంటే నమ్మకండి, కావాలని బుడగలు పెట్టేవాళ్లున్నారు. నేను చూసేది కాళ్ల కొసలు. నిజంగా వాడిన వస్తువుకి బల్లకి తగిలే చోట మాత్రమే గీతలుంటాయి, అవీ తలో దిక్కుగా. గీతలన్నీ ఒకే వైపు ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారని. అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూపిస్తామనేవాళ్లు కూడా ఉంటారు. గాజు ఆకుపచ్చగా మెరిస్తే అందులో యురేనియం ఉండొచ్చని తెలుస్తుంది, అంతే. వస్తువు వయసు తెలియదు, పని అసలే తెలియదు.

బిరడా లేనిది దొరికితే భయపడనక్కర్లేదు, సరిపడే కార్క్ పెట్టినా పనవుతుంది. బిరడా ఉన్నా అది ఆ బుడ్డిదేనా అని తిప్పి చూడండి. నాది వదులుగా ఉంది, వేరే సీసాది తెచ్చి తగిలించారని నా అనుమానం. సందులోంచి చిన్న ఈగలు తప్పించుకుంటున్నాయి.

ఇలా నీళ్లు పోసి తేల్చుకునే పద్ధతి మూత సీలైపోయి లోపల ద్రవం ఉన్న పాత గాజు బంతుల దగ్గర మాత్రం వద్దు. ఒకప్పుడు మంట మీదకి విసిరి ఆర్పేందుకు వాడినవి అవి. కొన్నింట్లో ఉప్పునీళ్లే ఉంటాయి గానీ, కొన్నింట్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉంటుంది, అది విషం. పగలగొట్టడం, తెరవడం రెండూ చేయకూడదు.

ఈగల బాధ తీరితే చాలనుకునేవాళ్లు కొత్త బుడ్డి, అదీ వెడల్పు మెడది చూసి తీసుకోండి. చేయి దూరుతుంది, కడుక్కోవచ్చు. ఈ పాతదానికి నేనిచ్చేది 5కి 3.5. ఒక మార్కు ఆ గాడి మూలకి పోయింది, అర మార్కు బిరడాకి.