కొన్న కారా, కట్టుకున్న కారా? హెక్టర్ రెబాకె రెండు దారులు

1970ల ఫార్ములా వన్‌లో సొంత జట్టు పెట్టి తానే నడిపే డ్రైవరుకు ఉన్నవి రెండే దారులు: వేరే జట్టు కట్టిన కారు కొనడం, లేదా సొంత కారు కట్టుకోవడం. మెక్సికోకు చెందిన రెబాకె రెండూ తొక్కాడు.

ఖర్చు
కొంటే: ఛాసిస్ (కారు చట్రం), విడిభాగాలు, మెకానిక్‌ల జీతాలు.
కట్టుకుంటే: వాటికి తోడు డిజైనర్, అచ్చులు, పరీక్షలు. ఇంజన్ మాత్రం రెండింటికీ కాస్‌వర్త్ డీఎఫ్‌వీయే.

శ్రమ
కొంటే: లోటస్ 78 అప్పటికే రేసులు గెలిచిన బండి. దానితో 1978లో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో రెబాకెకు 6వ స్థానం, ఒక పాయింటు.
కట్టుకుంటే: ప్రతి లోపం మీరే కనిపెట్టాలి.

రిస్కు
అసలు తిరకాసు ఇక్కడే. కొన్నది ఎప్పుడూ ఒక అడుగు వెనకే: 1979లో లోటస్ 79 తీసుకుంటే, ఆ ఏడాదే విలియమ్స్ జట్టు కారు ఎఫ్‌డబ్ల్యూ07 దాన్ని దాటేసింది. పైగా ఇవి గ్రౌండ్ ఎఫెక్ట్ కార్లు. కారు పక్కన అంచులా వేలాడే స్కర్టు నేలను ఆనుకుని జారుతుంటేనే కారు కింద గాలి పీడనం తగ్గి పట్టు దొరుకుతుంది. స్కర్టు పైకి ఇరుక్కుందా, మలుపు మధ్యలో పట్టు గాయబ్.
సొంత కారు హెచ్‌ఆర్100 దిగింది అదే 1979 సీజన్ చివరి మూడు రేసులకు. ఇటలీలోని మోంజాలో క్వాలిఫై కాలేదు (రేసులో చోటు దక్కలేదు), కెనడాలో క్వాలిఫై అయినా రేసు పూర్తిచేయలేదు, అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో మళ్లీ క్వాలిఫై కాలేదు. సీజన్ చివర్లో కొత్త కారు దింపితే సరిచేసుకునే వ్యవధి ఎక్కడిది?

ఎవరికి ఏది
ఒకటి రెండు సీజన్ల డబ్బే ఉండి, నడపడమే ముఖ్యమైతే కొన్నదే మేలు. మంచి డిజైనరు, కనీసం మూడేళ్ల స్పాన్సరు ఉంటేనే కట్టుకోవాలి. 1981 నుంచి జట్లు తమ ఛాసిస్ తామే కట్టుకోవాలన్న నిబంధనతో మొదటి దారి ఎలాగూ మూసుకుపోయింది.