షోలో కొన్న పాత రైళ్లు: ఏళ్ల తరబడి నడిపాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

మోడల్ రైలుకు డబ్బు పెట్టాలంటే ముందు దాని అడుగు భాగానికి పెట్టండి. అంటే చక్రాలు, కప్లర్లు (వ్యాగన్లను ఒకదానికొకటి కలిపే కొక్కేలు), బరువు. పైన కనిపించే నిచ్చెనలు, కడ్డీలు, గొట్టాలు ఆ తర్వాత. అమెరికాలో ట్రైన్ షోల నుంచి ఏరుకొచ్చిన పాత హెచ్ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) సరుకును సికింద్రాబాద్‌లో మా మేడ మీది గదిలో చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. మన దుమ్ముకు, మే నెల ఎండకు ఏది తట్టుకుందో, ఏది తట్టుకోలేదో చూశాకే ఈ మాట చెబుతున్నాను.

మా అబ్బాయి మసాచుసెట్స్‌లో ఉంటాడు. అక్కడ వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏటా జనవరి చివర్లో ఆమ్‌హర్స్ట్ రైల్వే సొసైటీ షో జరుగుతుంది. ఈస్టర్న్ స్టేట్స్ ఎక్స్‌పోజిషన్ మైదానంలో నాలుగు పెద్ద భవనాలు నిండిపోతాయి. కొత్త మోడళ్లన్నీ దీపాల కింద మెరుస్తుంటాయి కానీ నా చూపంతా బల్లల కింద పెట్టిన అట్టపెట్టెల మీదే. ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సేకరణ, ఒకరు సగం చేసి వదిలేసిన వ్యాగన్లు, డబ్బా లేని ఇంజన్లు వాటిలోనే దొరుకుతాయి. ఆదివారం మధ్యాహ్నం దాటితే బేరం ఇంకా బాగా కుదురుతుంది, తిరిగి మోసుకెళ్లడం అమ్మేవాళ్లకూ కష్టమే కాబట్టి.

పాత ఇంజన్ కొనేముందు నేను రెండు విషయాలు తప్పకుండా చూస్తాను. మొదటిది లోహపు చట్రం. పాత జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసి ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ ఆ లోహం ఉబ్బి, బీటలు వారి, చివరికి పొడిగా రాలుతుంది. దీన్నే జింక్ పెస్ట్ అంటారు, దీనికి మందు లేదు. చట్రం వంగినట్టున్నా, ఒంటి మీద సన్నని గీతలు కనిపించినా పక్కన పెట్టేయండి. రెండోది ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు. అది నిలువునా చీలితే ఇంజన్ చక్రం తిరిగిన ప్రతిసారీ కుంటుతుంది. షోలో టెస్ట్ ట్రాక్ ఉంటే వీలైనంత నెమ్మదిగా నడిపించి చూడండి, వేగంగా పరిగెత్తిస్తే ఆ కుంటు తెలియదు. చీలిన గేరుకు బదులు కొత్తది దొరుకుతుంది కాబట్టి, ధర తగ్గిస్తే అలాంటి ఇంజన్ కొనొచ్చు.

ఇక చక్రాల సంగతి. పాత వ్యాగన్లలో చాలావాటికి ప్లాస్టిక్ చక్రాలే ఉంటాయి. అవి పట్టాల మీది మురికిని అంటించుకుని, తిరిగినంత మేరా మళ్లీ పూస్తాయి. మన ఊళ్లో కిటికీలు మూసినా దుమ్ము ఆగదు, అందుకని ఇక్కడ ఈ బాధ మరీ ఎక్కువ. నేను చేసిన మార్పులన్నిటిలో డబ్బుకు తగిన ఫలితం ఇచ్చింది మెటల్ చక్రాలే. పట్టాలు తుడిచే పని బాగా తగ్గింది. వ్యాగన్లు తేలిగ్గా దొర్లుతున్నాయి కాబట్టి అదే ఇంజన్ ఇంకా పొడవైన గూడ్సును లాగుతోంది. పట్టాల మీద ఆ సన్నని లోహపు చప్పుడు కూడా వస్తుంది, అది నాకు చాలా ఇష్టం. సైజు మాత్రం చూసుకుని కొనాలి. అసలు రైలు కొలతల్లో చెప్పాలంటే, 70 టన్నుల వరకు మోసే వ్యాగన్లకు 33 అంగుళాల చక్రం, 100 టన్నుల వాటికి 36 అంగుళాలది. ఇరుసు పొడవు కంపెనీని బట్టి కొంచెం మారుతుంది. పొట్టిదైతే చక్రం అటూ ఇటూ ఊగుతుంది, పొడవుదైతే బిగుసుకుంటుంది. ఇరుసు మొన కూర్చునే గుంటను శుభ్రంగా తొలిచే చిన్న పనిముట్టు ఒకటి ఉంది. ట్రక్కులో, అంటే ఇరుసులను పట్టుకునే చట్రంలో, రెండు వైపులా పెట్టి వేళ్లతో నాలుగు తిప్పులు తిప్పితే చాలు.

బరువు గురించి షోలో ఎవరూ మాట్లాడరు. పాయింట్ల (పట్టాలు రెండు దారులుగా చీలే చోటు) దగ్గర వ్యాగన్లు పట్టాలు తప్పడానికి సగం కారణం బరువు చాలకపోవడమే. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్ఎంఆర్ఏ సూచించిన లెక్క ప్రకారం హెచ్ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, దానిపైన బాడీ పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి. 40 అడుగుల బాక్స్‌కార్ మోడల్‌లో ఐదున్నర అంగుళాలు వస్తుంది, అంటే సుమారు 106 గ్రాములు. 50 అడుగులదైతే 126 గ్రాముల దాకా కావాలి. ఈ బరువుల కోసం అమెరికా నుంచి ఏమీ మోసుకురానక్కర్లేదు. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే 5, 10 గ్రాముల ముక్కలు అడిగితే ఇస్తారు. వాటి వెనకుండే టేపును మాత్రం నమ్మొద్దు. స్లాబు కింద గదిలో మే నెల వేడికి ఆ జిగురు కరిగి ముక్క జారుతుంది. రెండు ట్యూబుల ఎపాక్సీతో అతికిస్తే ఎండాకాలాలు ఎన్ని వచ్చినా కదల్లేదు. సీసపు గుండ్లు వాడేవాళ్లు తెల్ల జిగురుతో పోయకండి. సీసం ఆ జిగురుతో చర్య జరిపి మెల్లగా ఉబ్బి బాడీనే పగలగొడుతుంది.

కప్లర్లలో నేను కేడీ కంపెనీ వాటికే కట్టుబడ్డాను. ఐదో నంబరు బాగానే ఉంటుంది కానీ అందులో స్ప్రింగు పలకను విడిగా కూర్చోబెట్టాలి. 148లో మీసాల్లాంటి స్ప్రింగు కప్లర్‌కే ఉంటుంది, వ్యాగన్ల పాత కప్లర్ డబ్బాల్లో తేలిగ్గా ఇమిడిపోతుంది. వ్యాగన్లతో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్లర్లు చిన్న రైలుకు పర్వాలేదు. రైలు పొడవు పెరిగి, పట్టాలు కాస్త ఎత్తెక్కితే ఆ ప్లాస్టిక్ పిడికిలి విచ్చుకుని రైలు రెండు ముక్కలవుతుంది. కొత్త కప్లర్ వేశాక ఎత్తును గేజ్‌తో కచ్చితంగా చూడాలి. కింద వేలాడే వంకర తీగ కిందికి దిగి ఉంటే పాయింట్లలో తగులుకుంటుంది. నూనె చుక్క కూడా వేయొద్దు, దుమ్ము పేరుకుపోతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

ఇంజన్ దగ్గరికి వస్తాను. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటుతుంది. హెచ్ఓ పట్టాల వెడల్పు 16.5 మాత్రమే. మన ఇంజన్ మోడల్‌ను ఈ పట్టాల మీద పెడితే చక్రాలు లోపలికి నొక్కేసినట్టు కనిపిస్తాయి, అది నాకు సహించదు. అందుకే అమెరికన్ సరుకే నడుపుతాను. కానీ ఏ అమెరికన్ ఇంజనో ముందే తేల్చుకున్నాను, ఆల్కో కంపెనీది. మౌలాలి, కాజీపేటల్లో మనం చూసిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ కూడా ఆల్కో డిజైనే. దాంట్లో ఉన్నది 16 సిలిండర్ల 251 ఇంజన్, 2600 హార్స్‌పవర్. షోలో నాకు దొరికిన ఆల్కో సెంచరీ 628 అసలు రూపంలోనూ అదే 251 కుటుంబపు ఇంజన్, అదే ఆరు ఇరుసులు, 2750 హార్స్‌పవర్.

ఆ 628 పాత డీసీ మోడల్, అంటే పట్టాల కరెంటుతో నేరుగా నడిచేది. దానికి ఈఎస్‌యూ లోక్‌సౌండ్ 5 డీకోడర్ (మోటారు, దీపాలు, శబ్దాన్ని నడిపే చిప్) వేసి, ఆల్కో 251 శబ్దం ఎక్కించాను. పాత ఇంజన్లకు డీకోడర్ వేసేవాళ్లు ముందు మల్టీమీటర్ తీయాలి. చాలా పాత మోడళ్లలో మోటారు బ్రష్ ఒకటి నేరుగా చట్రానికి తగులుతుంది. అలాగే కలిపేస్తే డీకోడర్ క్షణంలో కాలిపోతుంది. మోటారు కింద కాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని టేపు) వేసి, రెండు బ్రష్‌లకూ చట్రంతో సంబంధం లేదని మీటర్ చూపించాకే వైర్లు ముట్టుకోవాలి. వైర్ల రంగులు ఎన్ఎంఆర్ఏ నిర్ణయించినవే: ఎరుపు, నలుపు పట్టాలకు, నారింజ, బూడిద మోటారుకు, నీలం కామన్, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి. పాత బల్బులు తీసేసి వార్మ్ వైట్ ఎల్ఈడీలు పెట్టాను. ఎల్ఈడీలు, 1 కిలోఓమ్ రెసిస్టర్లు, సన్నని వైరు అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. దుమ్ము వల్ల కరెంటు ఒక్క క్షణం తెగినా శబ్దం ఆగి మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుంది కాబట్టి, మన ఊళ్లో కీప్ అలైవ్ కెపాసిటర్ తప్పనిసరి అనుకోండి. స్పీకర్‌ను గాలి చొరని చిన్న డబ్బాలో బిగించాలి, లేకపోతే శబ్దం పీలగా వస్తుంది. మాస్టర్ వాల్యూమ్ సీవీ 63లో (డీకోడర్ సెట్టింగుల నంబర్లను సీవీ అంటారు) ఉంటుంది, సగానికి తగ్గించాకే నాకు చెవికి హాయిగా అనిపించింది.

పక్కింటాయన డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒక సాయంత్రం ఏదో పని మీద మేడెక్కి, ఇంజన్ ఐడ్లింగ్ విని గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇది మన ఆల్కో కదండీ!" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, నాచ్ (ఇంజన్ శక్తి మెట్టు) పెంచమన్నారు, తగ్గించమన్నారు, టర్బో కూత ఇంకాస్త ఆలస్యంగా అందుకోవాలని చెప్పారు. ఆయన చెప్పినట్టే సీవీ 3, సీవీ 4 విలువలు పెంచాను. ఇప్పుడు ఇంజన్ బరువైన గూడ్సును లాగుతున్నట్టే మెల్లగా కదులుతుంది, మెల్లగా ఆగుతుంది. ఈ డీకోడర్ ధర చాలా ఎక్కువ. అయినా పెట్టిన ప్రతి రూపాయీ నాకు సంతోషమే ఇచ్చింది.

పైభాగం అలంకారంలో నాకు బాగా నిలిచింది లోహమే. అచ్చులో పోసిన కడ్డీలను చెక్కేసి, 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో చేసినవి పెట్టాను. 80వ నంబరు డ్రిల్ బిట్, పిన్ వైస్ (బిట్‌ను పట్టుకుని వేళ్లతో తిప్పే పనిముట్టు), కాస్త ఓపిక ఉంటే చాలు. ఏ-లైన్ కంపెనీ లోహపు మెట్లు కూడా ఇన్నేళ్లలో ఒక్కటీ విరగలేదు. జారుడుగా ఉండే డెల్రిన్ ప్లాస్టిక్ హ్యాండ్‌రెయిళ్ల మీద మాత్రం రంగు నిలవదు, చేయి తగిలిన చోటల్లా పెచ్చులూడుతుంది. వానాకాలంలో సూపర్ గ్లూ వాడితే చుట్టూ తెల్లటి పొగమంచులా పరుచుకుంటుంది, కిటికీ అద్దాల దగ్గరికి దాన్ని రానివ్వకండి. అక్కడ ఎండాక పారదర్శకంగా మారే తెల్ల జిగురే మంచిది. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే అక్షరాలు, గుర్తులు) నానబెట్టడానికి మన బోరు నీళ్లు పనికిరావు, ఆరాక ఉప్పు మరకలు తేలతాయి. నేను బ్యాటరీ వాటర్ వాడతాను.

స్ప్రే రంగులను విమానంలో తేనివ్వరు కాబట్టి పాతబడిన రూపం కోసం సాఫ్ట్ పాస్టెళ్లను ఉప్పుకాగితం మీద గీకి, ఆ పొడిని బ్రష్‌తో అద్దుతాను. పైన మ్యాట్ వార్నిష్ కొడితే ఆ పొడి సగం మాయమవుతుంది, అందుకని కాస్త ఎక్కువే అద్దాలి.

వాడనప్పుడు రైళ్ల మీద పాత దుప్పటి కప్పకండి, నూలు పోగులు ఇరుసులకు చుట్టుకుంటాయి. ప్లాస్టిక్ షీటు మేలు. వచ్చే జనవరి షోకు అబ్బాయికి ఇచ్చిన జాబితాలో 148 కప్లర్ల పెద్ద ప్యాకెట్, 33 అంగుళాల చక్రాలు, పట్టాలు, చక్రాల కొలత చూసే ఎన్ఎంఆర్ఏ స్టీలు గేజ్ ఇంకొకటి రాశాను. వ్యాగన్లు ఈసారి వద్దన్నాను, ఉన్నవాటిలో కొన్నింటికి ఇంకా ప్లాస్టిక్ చక్రాలే ఉన్నాయి.