ఓల్వేరాలో మూడు రాత్రులు, సెతెనిల్‌లో ఒక పొద్దు

స్పెయిన్ దక్షిణాన ఆందలూసియాలో తెల్లటి పల్లెలు చూద్దామనుకున్నప్పుడు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఒకే ఫోటో ఉంది. వీధి మీదికి ఓ పెద్ద కొండరాయి వంగి ఉంటుంది, దాని కింద ఇళ్లు, ఇళ్ల ముందు కుర్చీలు. ఆ ఊరు సెతెనిల్ దె లాస్ బొదేగాస్. అక్కడే రాయి కింద ఇంట్లో ఉండాలని మా ఆవిడ పట్టు. అద్దెలు చూశాక ఆ పట్టు కొంచెం సడలింది. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఓల్వేరా అనే ఇంకో ఊరుంది. మూడు రాత్రులకు అక్కడే ఇల్లు తీసుకున్నాం. ఊరి ఎంపిక సరిగ్గానే కుదిరింది. ఇంటి ఎంపికే దెబ్బ కొట్టింది.

మలాగా విమానాశ్రయం నుంచి కారులో గంటన్నర పైన పట్టింది. కారు కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అదనంగా అంటగట్టబోతే వాదించడానికి ఇంకో అరగంట అయింది, అది వేరే కథ. దారి పొడుగునా ఆలివ్ తోటలే. దువ్వెనతో పాపిడి తీసినట్టు వరసలు. ఏప్రిల్ కాబట్టి మధ్యమధ్య గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఓ మలుపు తిరగ్గానే ఓల్వేరా మొత్తం ఒక్కసారే కనిపించింది: కొండ కొసన కోట, పక్కనే రెండు గోపురాల చర్చి, ఆ రెండింటి కింద సున్నం కొట్టిన ఇళ్లు. "ఇంత సున్నం ఎవరు కొడతారురా ఏటేటా?" అంది అమ్మ. ఎండాకాలంలో ఇక్కడ వేడి నలభై డిగ్రీలకు చేరుతుంది. తెలుపు అందానికి మాత్రమే కాదు.

మేం దిగిన ఇల్లు కోట కింద పాత పేటలో, లా వియ్యా అంటారు. కారు గుమ్మం దాకా వస్తుందని ఇంటావిడ మెసేజ్ పెట్టింది. వస్తుంది, రెండు వైపులా అద్దాలు మడిస్తే. వెనక్కి తిప్పడం మాత్రం నా వల్ల కాలేదు. చివరికి కారు కింద వీధిలో వదిలేసి, నాలుగు సూట్‌కేసులు రాళ్లు పరిచిన ఎత్తు మీద మోసుకెళ్లాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాలుగు చోట్ల ఆగి, అయిదో చోట ఎవరో ముసలాయన తన గడప ముందు కుర్చీ వేస్తే కూర్చుంది. ఇల్లు లోపల బాగుంది, మందపాటి గోడలు, చల్లటి గచ్చు, డాబా మీద నుంచి కోట ఎదురుగా. అయినా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ పేటలో దిగకండి. ఊరి కింది భాగంలో కారు పక్కనే ఆగే హోటళ్లున్నాయి. పాత రైల్వే స్టేషన్ భవనంలోనూ బస ఉంది. రెండోసారి వెళ్తే నేను అక్కడే దిగుతాను.

కోటకు టికెట్ లా సియ్యా అనే భవనంలో తీసుకోవాలి. ఒకప్పుడు ఈ ఊరి ప్రభువులైన ఓసునా డ్యూకులకు రావలసిన ధాన్యం నిలవ చేసిన గాదె అది. ఇప్పుడు సరిహద్దు గురించి, కోటల గురించి మ్యూజియం. ముందు అది చూసి తర్వాత కోట ఎక్కండి, లేకపోతే కోట వట్టి గోడల్లాగే ఉంటుంది. గ్రనాదాను ఏలిన నస్రీద్ ముస్లిం రాజుల సరిహద్దు కోటల్లో ఇదొకటి. 1327లో కాస్తీల్ అనే క్రైస్తవ రాజ్యపు రాజు పదకొండో ఆల్ఫోన్సో దీన్ని గెలుచుకున్నాడు. గెలవడం ఒక ఎత్తు, అక్కడ మనుషుల్ని నిలపడం ఇంకో ఎత్తు. ఎప్పుడు ఎవరు మీద పడతారో తెలియని చోట కాపురం పెట్టేదెవరు? అందుకని వచ్చి స్థిరపడి కాపలా కాసేవాళ్లకు నేరాలు మాఫీ చేస్తామన్నారు, హత్య చేసినా సరే. "రాజును చంపు, ఓల్వేరాకు పో" అనే సామెత స్పెయిన్‌లో అలా పుట్టింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా ఆవిడ ఊళ్లో కనిపించిన ప్రతి పెద్దాయన్నీ అనుమానంగా చూసింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఓల్వేరా క్రైస్తవుల చేతికి 1327లో వచ్చింది. సెతెనిల్ 1484 దాకా రాలేదు. అంటే కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఈ రెండు ఊళ్లూ 157 ఏళ్లు సరిహద్దుకు చెరో వైపున ఉన్నాయి. ఈ జిల్లాలో ఊరి పేర్ల చివర "దె లా ఫ్రోంతేరా", అంటే సరిహద్దుది అని ఎందుకు వస్తుందో ఖేరేజ్, ఆర్కోస్ బోర్డులు చూసినప్పుడు అర్థం కాలేదు. కోట పైన గాలికి టోపీ పట్టుకుని నిలబడి తూర్పుకు చూస్తే అర్థమైంది. కోట మెట్లు ఇరుకు, కొన్నిచోట్ల నిటారు. అమ్మ చర్చి ముందు చప్టా మీదే ఉండిపోయింది. ఆ చర్చి పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఓసునా డ్యూకుల డబ్బుతో కట్టింది. ఈ ఊరికి అంత చర్చి ఎక్కువే అనిపిస్తుంది. లోపల చల్లగా ఉంది, అంతకు మించి నాకేమీ గుర్తులేదు.

అమ్మకు నచ్చింది మాత్రం ఊరికి రెండు కిలోమీటర్ల బయట ఉన్న రెమేదియోస్ అమ్మవారి గుడి, అంటే మేరీమాత చర్చి. అక్కడిదాకా కారు వెళ్తుంది. 1715లో వానల్లేక పంటలు ఎండిపోతుంటే జనం ఈ విగ్రహాన్ని ఊరేగించారట, వాన కురిసిందట. ఆ మొక్కు ఇప్పటికీ తీర్చుకుంటున్నారు, ఈస్టర్ తర్వాత రెండో సోమవారం ఊరంతా ఇక్కడికి వస్తుంది. మేం వారం ముందు వెళ్లి అది పోగొట్టుకున్నాం. "మన దగ్గర కప్పతల్లిని ఆడించడం లాంటిదేగా" అని అమ్మ అక్కడే కాసేపు కూర్చుంది.

తిండి సంగతి. అమ్మ శాకాహారి, దానికి ఆందలూసియా పల్లెలు అంత అనువు కాదు. "మాంసం వద్దు" అంటే ట్యూనా చేప వేసి తెచ్చారు. మాంసమూ చేపా రెండూ వద్దని విడివిడిగా చెప్పాలి. సల్మొరేహో అని చిక్కటి టమాటా చల్లసూప్ ఉంటుంది, దాని మీద ఉడికించిన గుడ్డు, పంది మాంసం తునకలు చల్లుతారు. చల్లకముందే చెప్పాలి. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసింది అమ్మకు బాగా నచ్చింది. ఓల్వేరా సొంత వంటకం సోపాస్ పెగాస్, రొట్టె ముక్కలు, టమాటా, తోటకూర కాడల్లాంటి ఆస్పరాగస్ వేసి దగ్గరగా ఉడికించింది. పేరుకు సూప్, చూపుకు ఉప్మా. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా కొట్లు మూస్తారు, రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు ముందు దొరకదు. మాతో తెచ్చుకున్న అటుకులు ఆ మధ్యలో కాపాడాయి.

ఇంత చిన్న ఊళ్లో మూడో రోజు ఏం చేస్తాం అనుకున్నాం కానీ, ఆ రోజే అన్నిటికంటే బాగుంది. ఇక్కడ పూర్వం రైలు మార్గం వేయడం మొదలుపెట్టి, సొరంగాలూ వంతెనలూ కట్టాక ఆపేశారు. ఒక్క రైలూ నడవలేదు. ఆ దారినే సైకిళ్లకు, నడకకు ఇచ్చేశారు. పేరు వియా వెర్దె దె లా సియెర్రా. ఓల్వేరా నుంచి పువెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు. స్టేషన్ దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు. అమ్మను అక్కడ కాఫీతో, తెలుగు సీరియల్‌తో కూర్చోబెట్టి మేమిద్దరం బయల్దేరాం. వెళ్లేటప్పుడు ఎక్కువగా దిగుడే కాబట్టి మనమింత బాగా తొక్కుతామా అనిపిస్తుంది. తిరిగి రావాలని గుర్తుంచుకోండి. బ్యాటరీ సైకిలుకు కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు. సొరంగాల్లో చలి, జాకెట్ ఉండాలి.

సఫ్రామగోన్ అనే పెద్ద రాతి గుట్ట దగ్గర ఆగాం. దాని మీద రాబందులు వందల్లో ఉంటాయి, ఐరోపాలోని పెద్ద స్థావరాల్లో ఇదొకటి. తలెత్తితే పది పన్నెండు ఒకేసారి రెక్కలు కదపకుండా తిరుగుతున్నాయి. మన దగ్గర పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వాటి కళేబరాల్లో మిగిలి రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో ఆ పశువుల మందును నిషేధించేసరికే ఆలస్యమైంది. ఫోన్లో వీడియో చూపిస్తే అమ్మ, "ఊరవతల చెట్టు నిండా ఉండేవిరా ఇవి" అంది. ఆ గుట్ట పక్కన పారే ఏరు పేరు గ్వాదల్పోర్కున్. సెతెనిల్‌లో రాయిని తొలిచిన ఏరు అదే.

సెతెనిల్‌కు పొద్దున్నే ఎనిమిదిన్నరకు చేరుకున్నాం. మీరు ఈ వ్యాసంలో ఒక్క మాటే పట్టించుకోదలిస్తే అది ఇదే. పదిన్నర దాటాక బస్సులు దిగుతాయి, ఆ తర్వాత ఆ ఫోటోలో ఉన్న వీధిలో రాయి కంటే తలలే ఎక్కువ కనిపిస్తాయి. ఇవి తవ్విన గుహలు కావు. ఏరు కోసిన రాతి చూరు కింద ముందు గోడ మాత్రమే కట్టుకున్న ఇళ్లు. చూరు ఎలాగూ ఉంది కాబట్టి కప్పు ఖర్చు లేదు, పైగా వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన. కువేవాస్ దెల్ సోల్, అంటే ఎండ గుహలు, ఎదుటి ఒడ్డున నీడ గుహలు. ఎండ వైపు అన్నీ హోటళ్లే. నాకు నీడ వైపే నచ్చింది, అక్కడ రాయి రెండు పక్కలా కలిసినంత పనై వీధి మొత్తం కప్పేస్తుంది.

1407లో కాస్తీల్ సైన్యం ముట్టడించి ఉత్త చేతులతో తిరిగిపోయింది. 1484లో ఫిరంగులతో వచ్చాకే ఊరు లొంగింది. ఏడుసార్లు ప్రయత్నించి ఏమీ సాధించలేదు కాబట్టి లాటిన్‌లో "ఏడు సున్నాలు" అనే అర్థంతో సెతెనిల్ పేరొచ్చిందని ఊళ్లో చెప్పుకునే కథ. పేరు చివర "బొదేగాస్" ద్రాక్షసారా నిలవ చేసే కొట్లను గుర్తుచేస్తుంది. ఫిలాక్సెరా పురుగు పందొమ్మిదో శతాబ్దంలో ద్రాక్ష తోటల్ని తినేశాక ఆ వ్యాపారం పోయింది, పేరు ఉండిపోయింది. రాయి కింద కుర్చీలో కాఫీ తాగాలన్న మా ఆవిడ కోరిక తొమ్మిదింటికే తీరింది. పదకొండుకు మేం బయటపడుతుంటే ఊరి మొదట్లో కార్లు బారులు తీరి ఉన్నాయి.

కారు లేకుండా ఈ రెండు ఊళ్లూ చూడటం కష్టం. దగ్గర్లోని రోందా పట్టణం నుంచి బస్సులున్నా రోజుకు చాలా తక్కువ, ఆదివారాలు నమ్ముకోవద్దు. తిరుగు ప్రయాణం రోజు ఓల్వేరాలో నూనె మిల్లు దగ్గర అయిదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా కొన్నాం. సూట్‌కేసులో పట్టాలంటే ఏదో ఒకటి తీయాలి. మా ఆవిడ నా జాకెట్ తీసింది.