ఖాళీగా దొరికినా షాట్ వేయని మా టీమ్, ఆరు వారాల షూటింగ్ కోచింగ్

అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను, మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఈ ఏడాది కెప్టెన్‌ని. టౌన్‌లో పొద్దున పూట నడిచే ఈ కోచింగ్‌కి టీమ్ మొత్తం, పన్నెండు మందిమి, ఆరు వారాలు వెళ్ళాం. తలకు పద్దెనిమిది వందలు, అదీ ముందే కట్టాలి. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. చేరేముందు నేను వెతికినప్పుడు "సూపర్ కోచింగ్", "సార్ మంచోరు" అని తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు మా జబ్బేంటో చెప్పాలి. మావాళ్ళు షాట్ వేయరు. చేతకాక కాదు, ప్రాక్టీసులో ఒక్కడే నిలబడి వేస్తే పదికి ఐదారు పడతాయి. మ్యాచ్‌లో ఎదుటివాళ్ళు టూ-త్రీ జోన్ (ముందు ఇద్దరు, రింగు దగ్గర ముగ్గురు నిలబడి ఎవరి చోటు వాళ్ళు కాపాడుకునే డిఫెన్స్) కట్టారంటే మాత్రం మా పని అయిపోయినట్టే. కార్నర్‌లో మావాడు ఖాళీగా ఉంటాడు, బాల్ వాడి చేతికి వస్తుంది, చుట్టుపక్కల డిఫెండర్ లేడు, వాడు ఒకసారి రింగు వైపు చూస్తాడు, ఒకసారి బెంచీ వైపు చూస్తాడు, ఈలోగా డిఫెండర్ పరిగెత్తుకుంటూ వచ్చేస్తాడు, వీడు బాల్ తెచ్చి మళ్ళీ నా చేతిలో పెడతాడు. నేను ఇంకొకడికిస్తాను, వాడు వేరొకడికిస్తాడు. షాట్ వేయడానికి ఉన్నదే 24 సెకన్లు, సగం కోర్టు దాటడానికే అందులో 8 సెకన్ల దాకా పోతుంది, మిగతాదంతా బాల్ చేతులు మారడంతోనే సరి. చివరికి టేబుల్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకున్న ఆయన చేయి ఎత్తబోతుంటే ఇద్దరు మీద పడుతున్నా సరే ఎవడో ఒకడు గాల్లోకి విసిరేస్తాడు. పోయినేడు ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి మ్యాచ్‌కే ఇంటికొచ్చేశాం. ఫోన్‌లో తీసిన ఆ వీడియో పెట్టుకుని హాస్టల్లో లెక్కేస్తే, ఖాళీగా దొరికినా వేయకుండా వదిలేసినవి పదిహేడు. ఓడింది తొమ్మిది పాయింట్లతో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి రోజు సార్ మా చేత ఒక్క షాట్ కూడా వేయించలేదు. వీడియో ఉందా అని అడిగారు. చెట్టు కింద అరుగు మీద అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఎక్కడ షాట్ వదిలేశామో అక్కడల్లా వీడియో ఆపి, ఆ వదిలేసినవాణ్ణి "ఏమప్పా, ఇక్కడెందుకు వేయలేదు?" అని అడిగారు. తిట్టడం లేదు, నిజంగా తెలుసుకోవడానికే అడుగుతున్నారని గొంతులోనే తెలుస్తోంది. ఒకడు దూరం అనిపించింది సార్ అన్నాడు, ఒకడు అన్న పిలుస్తున్నాడు కదా అని ఇచ్చేశాను అన్నాడు. కార్నర్‌లో ఆడే సెకండియర్ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నెమ్మదిగా, "పడకపోతే తీసేస్తారు సార్, అన్న కూడా అరుస్తాడు" అన్నాడు. అన్న అంటే నేనే. వాడు చెప్పింది నిజం, షాట్ పడకపోతే నేను కోర్టులోనే అరిచేవాణ్ణి, వేయకపోతే మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అలాంటప్పుడు వాడు వేయకుండా ఉండడమే నేర్చుకుంటాడు కదా.

దూరం అనిపించింది అన్నవాడి మాటనీ సార్ వదిలేయలేదు. మరుసటి ఆదివారం టేపు తీసుకుని మా కాలేజీకే వచ్చారు. కొలిస్తే మా కోర్టులో త్రీ పాయింట్ గీత (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) 6.25 మీటర్ల దగ్గర ఉంది. అది పాత కొలత. 2010 నుంచి ఆ గీత 6.75కి జరిగింది, అంటే మేము ఇన్నాళ్ళూ రోజూ అర మీటరు దగ్గర నుంచి వేయడం అలవాటు చేసుకుని, టోర్నమెంటుకి వెళ్ళగానే కొత్త గీత అవతల నిలబడి "ఏంటో దూరంగా ఉందే" అనుకుంటున్నాం. కోర్టుకి రంగు వేసినప్పుడల్లా పాత గీత మీదే మళ్ళీ గీశారు కాబోలు. కార్నర్‌లో గీతకీ సైడ్ లైనుకీ మధ్య 90 సెంటీమీటర్లే ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. అంత ఇరుకులో బాల్ వచ్చాక పాదాలు సర్దుకుందామంటే కుదరదు, ముందే సర్దుకుని మోకాళ్ళు వంచి, చేతులు ఛాతీ ముందు పెట్టుకుని నిలబడాలి. మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌కి చెబితే వారంలో కొత్త గీత వేయించారు.

ఇంకో రోజు నిచ్చెన తెచ్చి రింగు కింద వేశారు, ఒక్కొక్కణ్ణి ఎక్కించి పైనుంచి చూడమన్నారు. కింది నుంచి చూస్తే రింగు బాల్ పట్టేంతే ఉన్నట్టు కనిపిస్తుంది. పైనుంచి చూస్తే అది 45 సెంటీమీటర్లు, బాల్ వెడల్పు 24 చిల్లర, పక్కన ఇంకో బాల్ కూడా దాదాపు పట్టేలా ఉంది. నాలుగేళ్ళుగా ఆడుతున్నాను, ఆ రింగులోకి నేను పైనుంచి చూడడం అదే మొదటిసారి. ఇదేదో చిన్న పిల్లల ఆటలా అనిపించొచ్చు కానీ దిగి వచ్చాక బాల్ పైకెత్తి వేయడంలో తేడా నాకే తెలిసింది.

అసలు మందు మూడో వారం నుంచి మొదలైంది. మాలో మేమే రెండు జట్లుగా ఆడేటప్పుడు సార్ ఒక రూలు పెట్టారు: ఖాళీగా ఉండి షాట్ వేయకపోతే బాల్ అవతలి జట్టుకి. వేసి పడకపోతే ఏమీ లేదు, రీబౌండ్ (పడకుండా వెనక్కొచ్చిన బాల్) కోసం కొట్టుకోండి అంతే. మొదటి రోజు ప్రతి రెండు నిమిషాలకీ విజిల్ మోగింది. పాస్ ఇవ్వడం మంచి అలవాటు అని చిన్నప్పటి నుంచీ చెప్పించుకున్నాం, ఆ మంచితనం వెనక దాక్కుంటున్నామని మాకు తట్టలేదు. ఒక లెక్క కూడా చెప్పారు, అది నాకు బాగా పట్టేసింది. మూడు పాయింట్ల షాట్లు మూడు వేస్తే ఒకటి పడినా సగటున షాట్‌కి ఒక పాయింటు, రెండు పాయింట్ల షాట్లు సగానికి సగం పడినా అదే ఒక పాయింటు. పైగా బయట నుంచి నువ్వు వేస్తావని భయం ఉంటేనే జోన్‌లో వాళ్ళు బయటికి వస్తారు, అప్పుడే లోపల మన పొడుగువాడికి చోటు దొరుకుతుంది. నువ్వు వేయవని తెలిశాక ఐదుగురూ రింగు కిందే కాపురం పెడతారు. మాకు పోయినేడు జరిగింది అచ్చంగా అదే.

నాకు మాత్రం వేరే పని అప్పజెప్పారు. ఎవడైనా ఖాళీ షాట్ వేసి అది పడకపోతే అందరికంటే ముందు నేను "మంచి షాట్ రా" అనాలి. మొదటి రెండు రోజులు నోరు రాలేదు. ఇప్పుడు అలవాటైంది.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానో చెబుతాను. ముప్పై మంది బ్యాచ్‌కి రెండే రింగులు, మా వంతు కోసం నిలబడే టైమ్ చాలా పోతుంది. బాళ్ళు అరిగిపోయి నున్నగా ఉన్నాయి, చెమట చేత్తో పట్టుకుంటే జారిపోతాయి, పద్దెనిమిది వందలు తీసుకున్నప్పుడు కనీసం నాలుగు కొత్త బాళ్ళయినా పెట్టాలి. తాగడానికి నీళ్ళు లేవు. ఆరు గంటలకి అని చెప్పి చాలా రోజులు ఆరున్నరకి మొదలుపెట్టారు, మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదయ్యేసరికి సిమెంటు కోర్టు మీద నిలబడలేం, ఆ అరగంట చాలా విలువైంది. ఒకరోజు రాకపోతే ఆ క్లాసు పోయినట్టే, మళ్ళీ పెట్టరు. ఇవన్నీ ఆఫీసు చూసుకునే వాళ్ళకి చెప్పాను, సరే అన్నారు కానీ మేం ఉన్నంతకాలం ఏమీ మారలేదు. సార్ చెప్పే పద్ధతికీ అక్కడి ఏర్పాట్లకీ పొంతన లేదు, అది బాధగానే ఉంది.

ఫలితం అడుగుతారు కాబట్టి చెబుతున్నా. కోచింగ్ అయ్యాక పక్క కాలేజీతో ఫ్రెండ్లీ ఆడాం, నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. అయినా ఆ రోజు మేం దిగులుగా ఇంటికి రాలేదు. సెకండియర్ తమ్ముడు కార్నర్ నుంచి ఏడు వేశాడు. మొదటి మూడూ పోయాయి, మూడోది రింగుకి కూడా తగల్లేదు, ఎయిర్ బాల్, అవతలి బెంచీ వాళ్ళు గట్టిగా నవ్వారు. నాకు గుండె ఆగినంత పనైంది, ఇక వీడు ఈ రోజుకి వేయడు అనుకున్నాను. తర్వాతి పాస్ వెళ్ళినప్పుడు వాడు బెంచీ వైపు చూడలేదు. పాదాలు అప్పటికే సర్దుకుని ఉన్నాయి, పట్టుకోవడమే వేయడం. పడింది. వాడు వెనక్కి పరిగెత్తుతూ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

షాట్ వేసే చేతి పద్ధతి మొదటి నుంచి నేర్చుకోవాలనుకునే చిన్న పిల్లలకి ఇంత పెద్ద బ్యాచ్ సరిపోదు, ఇంకెక్కడైనా చూడండి. కాలేజీ టీములు అయితే ఒకరిద్దరు కాకుండా టీమ్ మొత్తం కలిసి వెళ్ళండి, కెప్టెన్ తప్పకుండా వెళ్ళాలి, వీలైతే పీడీ సార్‌ని కూడా ఒకరోజు తీసుకెళ్ళండి. పాత మ్యాచ్ వీడియో ఒకటి దగ్గర పెట్టుకోండి. సొంత బాల్, నీళ్ళ బాటిల్ తీసుకెళ్ళండి. ఆషాఢం బ్యాచ్‌లో మాత్రం చేరొద్దు, మన అనంతపురం గాలి సంగతి తెలిసిందే, ఆ రోజుల్లో బయటి కోర్టులో దూరం నుంచి వేసిన బాల్ రింగు దాకా వెళ్ళి పక్కకి కొట్టుకుపోతుంది, అప్పుడప్పుడే ధైర్యం తెచ్చుకుంటున్న వాడికి ఆ నెల అస్సలు మంచిది కాదు.