కంపెనీ అప్పు కొలవడానికి ఏది మేలు: రేటింగా, అప్పు–పెట్టుబడి లెక్కా, మిత్తి కట్టే సత్తానా?

మిర్యాలగూడలో ముప్పై ఏళ్లుగా మిల్లుల ఖాతాలు రాస్తున్నాను. అందుకే "సార్, ఫలానా కంపెనీకి అప్పులు బాగా ఉన్నాయట, మునుగుతుందా?" అని మనవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఈ మధ్య వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు కాబట్టి ఒకసారి కూర్చుని రాస్తున్నాను.

అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరు బాండ్లు, అంటే కంపెనీకి అప్పిచ్చే పత్రాలు, కొనే కుర్రవాళ్లు. ప్రైవేటుగా అమ్మే బాండ్లను లక్ష రూపాయలకు బదులు 10 వేల ముఖవిలువతో జారీ చేసుకోవచ్చని 2024లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అనుమతించింది. అప్పటి నుంచి నెల జీతగాళ్లు కూడా ఫోనులోనే పదకొండు, పన్నెండు శాతం మిత్తి వచ్చే బాండ్లు కొంటున్నారు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న 5 లక్షల బీమా ఈ బాండ్లకు లేదన్న సంగతి చాలామందికి తెలియదు. రెండోవాళ్లు లారీల ఓనర్లు. దామరచర్ల, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు బండ్లు తిప్పి, కిరాయి కోసం రెండేసి నెలలు ఆగుతారు. తాము కంపెనీకి అప్పిచ్చామని వాళ్లకు అనిపించదు. కానీ రెండు నెలల కిరాయి ఆగి ఉందంటే అది అప్పే. పైగా తాకట్టు లేని అప్పు.

ఇద్దరికీ చూసుకోవడానికి ముఖ్యంగా మూడు కొలతలున్నాయి. నా గురి మూడోదాని మీద. ఎందుకో చెప్పేముందు మిగతా రెండింటి మంచిచెడ్డలు చూద్దాం.

రేటింగ్ అంటే, కంపెనీ అప్పు తీర్చగలదా లేదా అని రేటింగ్ సంస్థ ఇచ్చే అక్షరాల మార్కు. దానితో ఉన్న మేలు ఏమిటంటే, మన చేతికి అందని కాగితాలు ఆ సంస్థవాళ్లు చూస్తారు. బ్యాంకు ఖాతా ఎలా నడుస్తోంది, రాబోయే ఏడాదిలో కట్టాల్సిన వాయిదాలెన్ని, చేతిలో నగదెంత అని కంపెనీని కూర్చోబెట్టి అడగగలరు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఫీజు కట్టేది రేటింగ్ తెచ్చుకునే కంపెనీయే. మార్పు రావడం కూడా చాలాసార్లు ఆలస్యమే. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంగతి గుర్తుందిగా. 90 వేల కోట్లకు పైగా అప్పున్న ఆ ఫైనాన్స్ గ్రూపుకు 2018 జూలైలో కూడా అన్నిటికంటే పైదైన ట్రిపుల్ ఏ రేటింగ్ ఉంది. సెప్టెంబరుకల్లా అది డి, అంటే అప్పు ఎగ్గొట్టిన స్థాయికి, పడింది. అక్టోబరు 1న కేంద్రం బోర్డును తీసేసి కొత్త బోర్డును పెట్టింది. ఆ బాండ్లు కొన్నవాళ్లలో ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ ట్రస్టులు కూడా ఉన్నాయి. కాబట్టి రేటింగ్ అక్షరం చూసి ఆగిపోకండి. దానితో పాటు సంస్థ రాసే రెండు మూడు పేజీల వివరణ ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అది చదవండి. "కంపెనీ సమాచారం ఇవ్వడం లేదు" అన్న మాట అందులో కనిపిస్తే ఇక ముందుకు పోకండి.

అప్పు–పెట్టుబడి లెక్క అందరికీ తెలిసిందే. మొత్తం అప్పును సొంత పెట్టుబడితో భాగిస్తాం. రెండింతలు దాటితే బ్యాంకు మేనేజరు ప్రశ్నలు పెంచుతాడు. చూడటానికి తేలిక, ఒకే రంగంలోని రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టడానికి పనికొస్తుంది. కానీ ఈ లెక్క కింద భాగంలో ఉన్న సొంత పెట్టుబడి పెరిగినట్టు చూపించడం చాలా సులువు. పన్నెండేళ్ల కింద నేను ఖాతాలు చూసిన ఒక మిల్లుకు హైవే పక్కన నాలుగెకరాలుండేవి. భూమి ధరలు పెరగ్గానే దాన్ని కొత్త రేటుకు లెక్కగట్టి బ్యాలెన్స్ షీట్‌లో చూపించారు. ఒక్క రూపాయి అప్పు తీర్చకుండానే అప్పు–పెట్టుబడి నిష్పత్తి రెండు నుంచి ఒకటి లోపుకు వచ్చేసింది. బ్యాంకులు ఇలాంటి పెంపును పక్కనపెట్టి చూసుకుంటాయి గానీ, బియ్యం వ్యాపారులు, బస్తాల సప్లయర్లు అంత లోతుకు పోలేరు. మిల్లు గట్టిగా ఉందనుకుని అరువు పెంచారు. రెండు సీజన్లు తిరిగేసరికి మిత్తి కట్టలేక మిల్లు ఆగింది. నాలుగెకరాలు అమ్ముదామంటే బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. హమాలీలకు ఆరు వారాల కూలి ఆగిపోయింది. ఆ బ్యాలెన్స్ షీట్ తయారుచేసింది నేనే. మిత్తి లెక్క కూడా వేసి ఆ సప్లయర్లకు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

ఇక మూడోది, మిత్తి కట్టే సత్తా. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పిచ్చే మనిషి పొలం ఎంతుందో తర్వాత అడుగుతాడు. ముందు అడిగేది "నెలనెలా మిత్తి ఎక్కడి నుంచి కడతావు?" అని. కంపెనీని అడగాల్సింది కూడా అదే. మిత్తి, పన్ను తీయకముందు వచ్చిన లాభాన్ని ఆ ఏడాది కట్టాల్సిన మిత్తితో భాగించాలి. వచ్చిన అంకె ఒకటి కంటే తక్కువైతే కంపెనీ సంపాదన మిత్తికే చాలడం లేదు. కొత్త అప్పు తెచ్చో, ఆస్తి అమ్మో కడుతోందన్నమాట. ఒకటిన్నర లోపుంటే నేను జాగ్రత్తపడతాను. మూడు దాటితే పెద్దగా టెన్షన్ పడను.

ఒక మిల్లు లెక్కే తీసుకుందాం. సొంత పెట్టుబడి 6 కోట్లు, అప్పు 9 కోట్లు, మిత్తి 11 శాతం. ఏడాదికి మిత్తి 99 లక్షలు. మిత్తికి ముందు లాభం కోటిన్నర అయితే అంకె 1.5 వస్తుంది. ఇప్పుడు మిత్తి రెండున్నర శాతం పెరిగిందనుకోండి. ఇది ఊహ కాదు, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది మిత్తిని, అంటే రెపో రేటును, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది, మారే రేటు మీద అప్పు తెచ్చుకున్నవాళ్లందరికీ ఆ భారం పడింది. మిత్తి 1 కోటి 21 లక్షల 50 వేలకు చేరుతుంది, అంకె 1.23కు దిగుతుంది. అదే ఏడాది బియ్యం ధర తగ్గి లాభం కోటి పది లక్షలకు పడిపోతే 0.9. ఈ ఏడాదంతా అప్పు–పెట్టుబడి నిష్పత్తి మాత్రం ఒకటిన్నర దగ్గరే ఉంటుంది. మిల్లు మునగడం మొదలైన సంగతి ఆ నిష్పత్తిలో కనపడదు.

ఈ లెక్క వేసేటప్పుడు రెండు చోట్ల మోసపోతాం. తరుగుదల తీయకముందు లాభాన్ని పట్టుకుని కంపెనీలు అంకెను పెద్దది చేసి చూపిస్తాయి. మిల్లులో రబ్బర్ రోల్స్ అరుగుతాయి, బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్ పాతబడుతుంది, బాయిలర్ మార్చాలి. అవన్నీ ఖర్చులే కాబట్టి తరుగుదల తీసేసిన లాభమే పట్టుకోవాలి. ఇంకొకటి, కట్టడం పూర్తికాని ప్రాజెక్టుల మీద మిత్తిని లాభనష్టాల ఖాతాలో వేయకుండా ప్రాజెక్టు ఖర్చులో కలుపుతారు. నిబంధనల ప్రకారం అది తప్పు కాదు, కానీ మిత్తి తక్కువ కట్టినట్టు కనిపిస్తుంది. నగదు ప్రవాహాల పట్టికలో నిజంగా కట్టిన మిత్తి ఎంతో ఉంటుంది, అది తీసుకోండి. ఒక్క ఏడాది సరిపోదు, మూడేళ్లు వరుసగా రాసుకోండి.

దేశం మొత్తానికి కూడా ఇదే కొలత ఎక్కువ చెప్పిందని నా నమ్మకం. కంపెనీల అప్పు మొత్తాన్ని దేశ ఆదాయంతో పోల్చి చూసేవాళ్లకు పదేళ్ల కింద భారత్ భద్రంగానే కనిపించింది, చైనాతో పోలిస్తే ఆ నిష్పత్తి చాలా తక్కువ. కానీ ఆ అప్పు ఎవరి నెత్తిన ఉందన్నది అసలు సంగతి. స్విస్ బ్యాంకు క్రెడిట్ సూయిస్ చూసిన కంపెనీల అప్పులో దాదాపు 40 శాతం, మిత్తికి కూడా సంపాదన చాలని కంపెనీల దగ్గరే ఉందని 2016–17 ఆర్థిక సర్వే రాసింది. కరెంటు, ఉక్కు, రోడ్ల కంపెనీలు అందులో ముందున్నాయి. 2015లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకుల పుస్తకాలు తిరగేయించింది. 2017 జూన్‌లో 12 పెద్ద ఖాతాలను దివాలా చట్టం కిందకు పంపింది. బ్యాంకుల మొండి బాకీల్లో నాలుగో వంతు ఆ పన్నెండింటిదే. మన హైదరాబాద్‌లో పుట్టిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ వాటిలో ఒకటి. 2018 మార్చికి బ్యాంకులిచ్చిన అప్పుల్లో మొండి బాకీలు 11 శాతం దాటాయి. ప్రభుత్వ బ్యాంకులకు 2 లక్షల 11 వేల కోట్లు సమకూర్చే పథకాన్ని కేంద్రం అంతకు ముందే ప్రకటించాల్సి వచ్చింది.

దాని దెబ్బ ఇక్కడిదాకా తగిలింది. 2016–17లో పరిశ్రమలకు బ్యాంకుల అప్పు పెరగకపోగా తగ్గింది. ఏనాడూ వాయిదా తప్పని మిల్లులకు కూడా సీసీ లిమిట్, అంటే రోజువారీ వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి, పెంచమంటే బ్యాంకు వెనకాడిన రోజులవి. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ తర్వాత ఫైనాన్స్ కంపెనీలకు డబ్బు పుట్టక, లారీలకు, ట్రాక్టర్లకు అప్పులు బిగిశాయి. ఎక్కడో కట్టిన కరెంటు ప్లాంటు మిత్తి కట్టలేకపోతే ఇక్కడ బండి కొనుక్కునే మనిషి ఆగిపోయాడు. ఇప్పుడు పరిస్థితి చాలా నయం, 2025 మార్చికి మొండి బాకీలు 2.3 శాతానికి దిగాయి. అయినా ఏటా జూన్, డిసెంబరుల్లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చే ఆర్థిక స్థిరత్వ నివేదికలో కంపెనీల మిత్తి కట్టే సత్తా గురించిన పేజీలు నేను వదలను.

ఈ కొలత ఫైనాన్స్ కంపెనీలకు పనికిరాదు. వాళ్లకు మిత్తే ముడిసరుకు. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ లాంటి చోట అసలు జబ్బు, ఏళ్ల తరబడి తిరిగిరాని ప్రాజెక్టులకు తక్కువ కాలం అప్పులు తెచ్చి పెట్టడం. అక్కడ ఏ అప్పు ఎప్పుడు తీర్చాలి, ఏ బాకీ ఎప్పుడు వస్తుంది అన్న పట్టిక చూడాలి.

ఆల్ట్‌మన్ జెడ్ స్కోరు అని కంపెనీ దివాలా తీసే అవకాశాన్ని అంచనా వేసే 1968 నాటి ఫార్ములా ఒకటుంది, ఐదు నిష్పత్తులు కలిపి చూస్తుంది, వేసుకోగలిగితే వేసుకోండి. యజమానులు తమ షేర్లను తాకట్టు పెట్టారా అన్నది కూడా చూడొచ్చు.

మొన్న సాగర్ రోడ్డులో ఉండే ఒక లారీ ఓనరు వచ్చాడు. ఒకే ఫ్యాక్టరీ నుంచి 14 లక్షల కిరాయి రావాలి. "ఇంకో రెండు బండ్లు పెట్టమంటున్నరు సార్, పెట్టాల్నా?" అన్నాడు. ఇద్దరం కలిసి ఆ కంపెనీ మిత్తి కట్టే సత్తా లెక్క తీశాం. మూడేళ్లకు వరుసగా 2.6, 1.9, 1.3 వచ్చాయి. కంపెనీ దివాలాకు పోతే తాకట్టున్న బ్యాంకుల తర్వాతే మనకని, బాకీ కోటి రూపాయలు లేనిదే ఆయన హైదరాబాద్ ట్రిబ్యునల్‌లో దివాలా కేసు కూడా వేయలేడని చెప్పాను. ఆయనకు చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. బాకీ 45 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల మిత్తి అడిగే హక్కు చట్టం ఇచ్చిందని చెబితే, ఆ సంగతి మొదటిసారి వింటున్నానన్నాడు. కొత్త బండ్లు పెట్టలేదు. ఉన్న ఆరింట్లో రెండింటిని ఇక్కడి బియ్యం లోడింగుకు మళ్లించాడు. పాత బాకీలో తొమ్మిది లక్షలు వచ్చాయని పోయిన వారం ఫోన్ చేశాడు.